గాలిదొర మొహం జప్తు

గాలిదొరకు ఒక మొహం అంటూ లేదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టింది ప్రభుత్వమే. అంతకుముందు మూడు సినిమాలు చూసిన జనానికి గానీ, తీసిన మాకు గానీ ఆ అనుమానం రాలేదు.

గాలిదొర ఎవరో తెలియని వాళ్ళుంటారు కనుక చెబుతాను. పిల్లల మాసపత్రికలో ఏళ్ళ తరబడి నడిచిన బొమ్మల కథకు కథానాయకుడు. మామూలప్పుడు సైకిల్ షాపు నడుపుకుంటూ ఉంటాడు. ఊళ్ళో ఎవరికైనా ఆపద వచ్చిందంటే నీలం ముసుగు తగిలించుకుని, సైకిల్ పంపుతో గుండెల్లోకి గాలి కొట్టుకుని ఎగిరిపోతాడు. నిర్మాత ప్రసూనమ్మ గారు ఆ కథ హక్కులు కొని వరసగా సినిమాలు తీస్తున్నారు. నేను ఆవిడ దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ని. పేరు దక్షిణామూర్తి.

మొదటి సినిమాలో గాలిదొర వేషం రణధీర్ బాబు కట్టాడు. రెండోదాని వేళకు ఆయనకు నడుం పట్టేసి, తాళ్ళకు వేలాడటం తన వల్ల కాదన్నాడు. హర్షమిత్ర వచ్చాడు. ముసుగు వల్ల మొహం మీద దద్దుర్లు లేస్తున్నాయని అతను మానుకుంటే, మూడోదానికి కుశాల్ చంద్రను పెట్టుకున్నాం. ప్రతిసారీ జనం మొదటి పది నిమిషాలు “ఈడెవడ్రా!” అని గొణుక్కున్నారు. ఇంటర్వెల్‌లో సమోసాలు తిన్నారు. ఆ తరవాత వాడే గాలిదొర అనుకుని విజిల్స్ వేశారు.

అంతా సవ్యంగానే ఉండేది, మేము విజయోత్సవ సభకు సాంస్కృతిక శాఖ మంత్రిగారిని పిలవకపోయి ఉంటే.

సభకు ముగ్గురు నటులూ నీలం దుస్తుల్లో వచ్చారు. “ఇప్పుడు మంత్రివర్యులు గాలిదొరను గజమాలతో సత్కరిస్తారు” అని యాంకరమ్మ ప్రకటించింది. మంత్రిగారు దండ పట్టుకుని ముందుకు నడిచి, వరసగా నిలబడ్డ ముగ్గురినీ చూసి ఆగిపోయారు. నన్ను దగ్గరకు రమ్మన్నారు.

“వీళ్ళలో అసలువాడు ఎవడయ్యా?”

“ముగ్గురూ అసలేనండి.”

“అట్లా ఎట్లా కుదురుద్ది? దండ ఒక్కటే ఉంది.”

ఆయన ఎదురుగా ఉన్నాడు కదా అని మధ్యవాడి మెడలో వేశారు. ఆ మధ్యవాడు హర్షమిత్ర. రణధీర్ బాబు అభిమానులు లేచి కుర్చీలు విరగ్గొట్టారు. కుశాల్ చంద్ర అభిమానులు, విరగ్గొట్టడానికి కుర్చీలు మిగల్లేదని ఫ్లెక్సీలు చింపారు. ఆ గందరగోళంలో ఎవరో విసిరిన చెప్పు మంత్రిగారి భుజాన్ని తాకింది. ఏ గాలిదొర అభిమానిదో పోలీసులు ఇప్పటికీ తేల్చలేకపోయారు.

మంత్రిగారి మనసు చివుక్కుమంది. వచ్చిన అసెంబ్లీ సమావేశాల్లో లేచి నిలబడి, “అధ్యక్షా, మనిషికి ఒక ఓటు ఉంది, ఒక రేషన్ కార్డు ఉంది. ఒక మొహం ఉండాలా వద్దా?” అని అడిగారు. వద్దని అనడానికి ప్రతిపక్షానికి కూడా ధైర్యం చాలలేదు. పాత్రల ముఖ స్థిరత్వ చట్టం అలా పుట్టింది. దాన్ని అమలు చేయడానికి ఒక ప్రాధికార సంస్థ, దానికో కమిషనర్, ఆయనకో కారు, కారుకో డ్రైవరు వచ్చారు. జనం దాన్ని మొహాల ఆఫీసు అన్నారు.

సరిగ్గా ఆ సమయానికి మా నాలుగో సినిమా పూర్తయింది. అందులో గాలిదొర లుకలాపు గౌరీశు.

గౌరీశుది శ్రీకాకుళం దగ్గర పల్లె. నాటకాల్లో పైకి వచ్చినవాడు. పరీక్షించి చూద్దామని పిలిచినప్పుడు, తాడు కట్టేలోపే అటక మీద నుంచి దూకి చూపించాడు. మా డైరెక్టర్‌కు గుండె ఆగినంత పనయింది. “పక్కింటి కుర్రాడిలా ఉన్నాడండీ. సైకిల్ షాపు వాడంటే ఇలాగే ఉండాలి” అని ప్రసూనమ్మ గారు ముచ్చటపడి ఖాయం చేశారు. గౌరీశు స్టూడియో వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, నిండు చూలాలైన భార్య నూకరత్నాన్ని తెచ్చుకున్నాడు. సినిమా విడుదలైతే మనిషి అవుతాడు. కాకపోతే తిరిగి రైలెక్కాలి.

విడుదలకు ముఖ కొనసాగింపు ధ్రువపత్రం కావాలన్నారు. నేనూ గౌరీశూ మొహాల ఆఫీసుకు వెళ్ళాం.

కమిషనర్ చక్రధరం గారు మమ్మల్ని కూర్చోమన్నారు గానీ గౌరీశు వైపు చూడలేదు. ధ్రువీకరణ కాని మొహాన్ని చూడటం నిబంధనలకు విరుద్ధమట.

“మూర్తిగారూ, సదరు పాత్ర యొక్క ముఖము ఇప్పటికే పలు పర్యాయములు అనుమతి లేకుండా మార్పు చెందియున్నది. ప్రభుత్వం ఔదార్యంతో ఉపేక్షించింది. ఇకపై ముఖం మారాలంటే నాలుగు కారణాలే చెల్లుతాయి. ప్రమాదం, శస్త్రచికిత్స, శాపం, పునర్జన్మ.”

“పాత నటుడికి నడుం నొప్పి వస్తేనండీ?”

“నడుం వేరు, ముఖం వేరు. నడుం మా పరిధిలోకి రాదు.”

పక్కనే నిలబడ్డ సూపరింటెండెంట్ భాష్యం గారు “రాదు” అని బలపరిచారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన నిబంధనల పుస్తకంలా ఉంటారాయన. ఆయన జీవితంలో ఎప్పుడూ లంచం తీసుకోలేదనీ, అందువల్ల ఆయన చేతిలో పడ్డ పని ఎప్పుడూ పూర్తి కాలేదనీ చెప్పుకునేవారు.

నాలుగింటిలో శాపానికి ఖర్చు తక్కువని డైరెక్టర్ తేల్చాడు. ఒక గడ్డపాయన్ను తెచ్చి, “నీ రూపము మారిపోవుగాక!” అనిపించి, ఆ ముక్క సినిమాకు అతికించి పంపాం. వారం తిరక్కుండా తిరిగొచ్చింది. శపించిన మునికి శపించే అర్హత ఉన్నట్లు ఆధారాలు జతపరచలేదనీ, శాపవిమోచనం ఎప్పుడో పేర్కొననందున ముఖము శాశ్వతమో తాత్కాలికమో తేలుటలేదనీ అభ్యంతరాలు రాశారు.

“అసలు మొదటి మొహం ఏదో తేలితే గానీ ఏ మొహం మారిందో చెప్పలేం” అన్నారు చక్రధరం గారు. అది నిజమే అనిపించి నాకు భయం వేసింది. ఆ ఆఫీసుకు పదేపదే వెళ్తే వాళ్ళ మాటలు సబబుగా తోస్తాయి.

మొదటి మొహం కోసం బొమ్మలు గీసిన సుందరశివరావు గారిని విచారణకు పిలిపించారు. పెద్దాయన. చెవులు సరిగా వినపడవు, గొంతు మాత్రం ఖంగుమంటుంది.

“మూలకర్తగా మీరు సదరు వ్యక్తికి ఏ ముఖం ఉద్దేశించారు?” అని కమిషనర్ గారు అడిగారు.

“ఏ మొహమూ లేదండీ. ముసుగు వేశానుగా.”

“ముసుగు వెనకాల?”

“వెనకాల కాయితం ఉంటుంది.”

“అదేమిటండీ, అంత గొప్ప వీరుడికి మొహం ఆలోచించకుండా ఎలా గీశారు?”

“నాకు మొహాలు గీయడం రాదు బాబూ! ఏది గీసినా మా తోడల్లుడిలా వచ్చేది. వాడు చూస్తే గొడవ. అందుకని ముసుగు తగిలించా.”

మరి సినిమాల్లో మొహాలు ఎందుకు కనిపించాయని కమిషనర్ గారు నన్ను నిలదీశారు. పాటలో ముసుగు తీయనిదే పెద్ద హీరోలు డేట్లు ఇవ్వరని విన్నవించాను. భాష్యం గారు అదంతా రాసుకుని, ఆఖర్న “మూల ముఖము అందుబాటులో లేదు” అని ముగించారు. తోడల్లుడి చిరునామా కూడా తీసుకున్నారు గానీ, ఆయన పోయి చాలా కాలమైందని తెలిసింది.

తరవాత వచ్చిన ఉత్తర్వు చదివి ప్రసూనమ్మ గారు కుర్చీలో కూలబడ్డారు. మూల ముఖము తేలే వరకు వివాదాస్పద ముఖమును జప్తు చేయడమైనదనీ, సదరు ముఖధారి భోజన స్నానాదుల సమయంలో, అదీ ఏకాంతంలో తప్ప దానిని బహిరంగపరచరాదనీ, ఉల్లంఘిస్తే చిత్రము శాశ్వతంగా నిషేధించబడుననీ అందులో ఉంది.

గౌరీశు నా మొహంలోకి చూశాడు. “జప్తంటే ఏటి బాబూ? పీకేత్తారా?”

“లేదయ్యా. కప్పుకోవాలంతే.”

“ఇంటికాడ కూడానా?”

“ఇంట్లో కూడా. ఎప్పుడైనా వచ్చి చూస్తారట.”

అతను కాసేపు తన చెంపలు తడుముకుని, అవి వేరేవాళ్ళవి అయిపోయినట్టు జాగ్రత్తగా చేతులు దించేశాడు. తరవాత మా కాస్ట్యూమ్స్ పెట్టెలోంచి గాలిదొర ముసుగు తీసి కట్టుకున్నాడు. ఏదో ఒక గుడ్డ అయితే చాలదట, పాత్రకు చెందిన ఆచ్ఛాదనే ఉండాలని ఉత్తర్వులో ఉంది.

అప్పటి నుంచి గౌరీశు బతుకు తెల్లారితే నీలమే. బస్సెక్కితే కండక్టర్ టికెట్ అడగడం మానేసి సెల్ఫీ అడిగేవాడు. కూరగాయల బండి దగ్గర బేరం ఆడితే, “గాలిదొరవి, నీకు కూడా అర్ధకిలోనా?” అని నవ్వేవాళ్ళు. ఒకరోజు మూడో అంతస్తు బాల్కనీలో చీర చిక్కుకుందని ఒకావిడ కిందికి కేకేసి ఎగరమంది. మెట్లెక్కి వెళ్ళి తీసిచ్చాడు. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది. ఎండాకాలం మొదలయ్యేసరికి ముసుగు లోపల చెమటకాయలు లేచాయి. ఇవన్నీ అతను నవ్వుతూనే చెప్పేవాడు. నవ్వుతున్నాడనుకోవడమే, కనపడేది కాదు.

నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి నర్సమ్మ పిల్లను ఎత్తుకుని, “ఈ బిడ్డ తండ్రి ఎవరండీ?” అని వరండాలో అడుగుతోంది. నీలం ముసుగు మనిషి ముందుకు వచ్చి చేతులు చాపాడు. నర్సమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. నేను మధ్యలో పడి నచ్చజెప్పాను.

“తియ్యవా ఆ గుడ్డ! గుంట జడుసుకుంటాది” అంది నూకరత్నం మంచం మీది నుంచి.

గుంట జడుసుకోలేదు. నీలం రంగును కళ్ళార్పకుండా చూసింది. నెల తిరిగాక దాన్ని చూసి నవ్వడం కూడా నేర్చింది. గౌరీశు పొంగిపోయేవాడు గానీ, ఒకసారి నాతో మాత్రం అన్నాడు: “నన్ను సూసి నవ్వుతాందో, గాలిదొరను సూసి నవ్వుతాందో తెలీడం నేదు బాబూ.”

ఒక మధ్యాహ్నం భాష్యం గారు తనిఖీకి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. గౌరీశు ముసుగు పక్కాగా ఉంది. ఆయన తృప్తిపడి లేవబోతూ, ఉయ్యాలలోకి తొంగిచూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తరవాత ఫైలులోని గౌరీశు ఫొటో తీసి ఉయ్యాల పక్కన పెట్టి చూశారు.

“ఈ ముక్కు ఎక్కడిది?” అని అడిగారు.

“దాని అయ్యదే” అంది నూకరత్నం గర్వంగా. పాపం, ఆమెకేం తెలుసు.

మర్నాడే నోటీసు వచ్చింది. జప్తులో ఉన్న ముఖమునకు నకలు ఒకటి అనుమతి లేకుండా చలామణిలో ఉన్నట్లు గుర్తించడమైనదని, సదరు నకలుతో సహా విచారణకు హాజరు కావలెనని.

గౌరీశు వద్దన్నా వినకుండా నూకరత్నం నకలును చంకనేసుకుని బయల్దేరింది. వెనకాల మేమిద్దరం. హాలు నిండా మనుషులున్నారు. ఆ రోజు ఇంకెవరో నాటక సమాజం వాళ్ళను కూడా పిలిచారు. వాళ్ళ నాటకంలో రాముడి వేషం పద్యాలు పాడేటప్పుడు ఒకరూ, యుద్ధం చేసేటప్పుడు ఇంకొకరూ వేస్తున్నారట.

చక్రధరం గారు అలవాటు ప్రకారం పిల్లవైపు చూడకుండా మొదలుపెట్టారు. “అమ్మా, ముఖం మీ వారిది. మీ వారి ముఖం ప్రభుత్వ స్వాధీనంలో ఉంది. స్వాధీనంలో ఉన్న వస్తువుకు నకలు తయారుచేయడం చట్టరీత్యా నేరం.”

“నకలేటి బాబూ? ఇది నా కూతురు.”

“కాదనడం లేదు. కానీ నకలు.”

“నానేటి, జెరాక్సు మిషనునా?”

హాలంతా గొల్లుమంది. రాముళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం నవ్వలేదు. కమిషనర్ గారి బల్ల మీద ఫైళ్ళు పక్కకు నెట్టి పిల్లను ఆయన ముందు పడుకోబెట్టింది.

“ఇదుగో. జప్తు సేసుకోండి. మూడు గంటలకోసారి పాలు పట్టాల. పొట్ట నొప్పొస్తే వాము నీళ్ళు పొయ్యాల. పొద్దుగూకితే ఏడుపు లంకించుకుంటాది, బుజం మీదేసుకుని తిప్పాల. మీ ఆఫీసులో ఆ పని ఎవులు సేత్తారో సెప్పండి, అప్పజెప్పి పోతాను.”

చక్రధరం గారు భాష్యం గారిని చూశారు. భాష్యం గారు పుస్తకం తిరగేశారు. అందులో వాము నీళ్ళ ప్రస్తావన లేదు. ఈలోగా నకలు కమిషనర్ గారి పెన్ను అందుకుని నోట్లో పెట్టుకుంది. ఆయన లాక్కోబోతే ఏడుపు మొదలుపెట్టింది. పసిపిల్ల ఆగ్రహానికి స్టే ఇచ్చే అధికారం ఆ చట్టంలో ఏ సెక్షనుకూ లేకపోయింది. ముసుగు మనిషి వెళ్ళి ఎత్తుకుంటే గానీ ఊరుకోలేదు.

విచారణ వాయిదా పడింది. కానీ హాల్లో ఉన్న విలేకరి ఒకడు ఫొటో తీశాడు. “పసిపాప మొహం జప్తు” అని పెద్దక్షరాలతో వచ్చింది. మంత్రిగారికి ఊరూరి నుంచీ తల్లులు ఫోన్లు చేశారు. ఆయన ఆ రోజే చక్రధరం గారిని మత్స్యశాఖకు బదిలీ చేయించారు. కొత్త కమిషనర్‌గా వైజయంతి గారిని వేశారు. చురుకైన మనిషి, వస్తూనే మా ఫైలు తేల్చేస్తారని చెప్పుకున్నారు. ప్రసూనమ్మ గారూ నేనూ ఆశగా పూలగుచ్ఛం పట్టుకుని వెళ్ళి, ఆవిడ చార్జ్ తీసుకునే గది ముందు నిలబడ్డాం.

గుమ్మంలో భాష్యం గారు అడ్డంగా నిలబడి ఉన్నారు.

“జరగండి భాష్యం గారూ. నేను చార్జ్ తీసుకోవాలి” అన్నారావిడ.

“నమస్కారమమ్మా. ముఖ కొనసాగింపు ధ్రువపత్రం తెచ్చారా?”

“నాకెందుకు?”

“ఈ సంస్థ దస్తావేజుల్లో కమిషనర్ పాత్రకు ఆమోదం పొందిన ముఖం చక్రధరం గారిదమ్మా. ఫొటో గోడమీద ఉంది. తమరి ముఖం దానితో సరిపోవడం లేదు.”

ఆవిడ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“సరే, ఆ ధ్రువపత్రం ఇచ్చేదెవరు?”

“కమిషనర్ గారు.”

“నేనే కదా కమిషనర్ని!”

“ఆ సంగతి తేలడానికే కదమ్మా ధ్రువపత్రం.”

“చక్రధరం గారి చేత సంతకం పెట్టిస్తే?”

“ఆయన నిన్ననే పాత్ర చాలించారు. ఇప్పుడాయన చేపలు.”

“నాలుగు కారణాల్లో బదిలీ లేదా?”

“లేదమ్మా. ప్రమాదం, శస్త్రచికిత్స, శాపం, పునర్జన్మ.”

వెనకనుంచి ప్రసూనమ్మ గారు మెల్లగా, “ఈ ఆఫీసుకు వేశారంటే శాపం కిందే రాయొచ్చేమోనండీ” అన్నారు. వైజయంతి గారు ఆవిడవైపు కృతజ్ఞతగా చూశారు గానీ, శపించినవారి అర్హత పత్రం ఏదని భాష్యం గారు అడిగారు. శపించింది మంత్రిగారు. అప్పుడు భాష్యం గారు ఇంకో పేజీ తిప్పారు. ఆ శాఖకు ఆయన కూడా మొదటి మొహం కాదని తేలింది. అంతకుముందు మంత్రిగా ఇంకొకాయన ఉండేవారు. అంతకుముందు ఒకావిడ. ఏ మార్పుకూ ధ్రువపత్రం లేదు.

భాష్యం గారికి ఎవరి మీదా కోపం లేదు. చేయవలసింది చేశారు. సచివాలయానికి ఒక లేఖ రాసి, మంత్రిగారి ముఖము నిబంధనల ప్రకారం పరిశీలనలో ఉన్నదనీ, తేలే వరకు కప్పుకొని ఉండవలెననీ వినయంగా తెలియజేశారు. వైజయంతి గారికి వరండాలో కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించారు.

ఆ లేఖ అందిన సాయంత్రమే మంత్రిగారు విలేకరుల ముందుకు వచ్చారు. “మొహాలదేముందండీ? వస్తాయి, పోతాయి. పాత్ర ముఖ్యం!” అన్నారు. ఆ మాటకు జనం చప్పట్లు కూడా కొట్టారు. చట్టాన్ని మరింత లోతుగా అధ్యయనం చేయడం కోసం ఉపసంహరించుకున్నారు. అధ్యయన సంఘానికి భాష్యం గారినే అధ్యక్షుడిని చేశారు. అది తేలదని అందరికీ భరోసా కుదిరింది.

సినిమా విడుదలైంది. మొదటి పది నిమిషాలు జనం “ఈడెవడ్రా!” అని గొణుక్కున్నారు. ఇంటర్వెల్ తరవాత విజిల్స్ వేశారు. హాల్లో నా పక్క సీట్లో కూర్చున్న గౌరీశు వేళ్ళతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, తెరను కాదు, జనాన్ని చూస్తున్నాడు. ముసుగు లేని అతని మొహం చెమటకాయలతో ఎర్రగా, ఎండ తగలని చోట తెల్లగా, రెండు రంగుల్లో ఉంది. బయటికి వస్తుంటే ఎవరూ అతన్ని గుర్తుపట్టలేదు. అతనికి అది పట్టలేదు.

“ఇంటికి రండి బాబూ. గుంట నన్ను సూడాల” అన్నాడు.

గుమ్మంలోనే నూకరత్నం పిల్లను అందించింది. గౌరీశు రెండు చేతులా తీసుకుని, “నీ అయ్యనే” అంటూ మొహం దగ్గరగా పెట్టాడు.

పిల్ల ఒక్క క్షణం బిగుసుకుపోయి, పెదవి విరిచి, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. పుట్టినప్పటి నుంచి దానికి తండ్రి అంటే నీలం గుడ్డే. ఈ కొత్తవాడు ఎవడో దానికి తెలియలేదు. గౌరీశు గొంతు విని కాసేపు ఆగేది, మొహం చూసి మళ్ళీ అందుకునేది. అతను పిల్లను తల్లికి ఇచ్చేసి గోడకు చేరగిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పోనీ కాసేపు కట్టుకో” అంది నూకరత్నం మెత్తగా.

“కట్టను.”

అతను పిల్ల ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తనకు నాటకాల్లో వచ్చిన పద్యాలన్నీ అందుకున్నాడు. పద్యానికో కంఠం, కంఠానికో కనుబొమ్మ. పిల్ల ఏడుపు సన్నబడింది. వెక్కిళ్ళు మిగిలాయి. తల్లి చంకలోంచే ముందుకు వంగి, చెయ్యి చాపి, రాగం తీస్తున్న ఆ కొత్తవాడి ముక్కు పట్టుకుంది. ఒకసారి గట్టిగా లాగి చూసింది. ఊడిరాలేదు.

గౌరీశు రాగం ఆపలేదు. ముక్కు దాని గుప్పిట్లో ఉండటం వల్ల పద్యం కాస్త తుమ్ములా వినపడుతోంది. పిల్లకు అది నచ్చినట్టుంది, బోసినోరంతా తెరిచి నవ్వింది.